లూపె చెప్పని జవాబులు

లొసలిని మామ్మ ఎవరినీ సులువుగా నమ్మదు. చేపలవాడు తాజావే అంటే మొప్ప ఎత్తి చూస్తుంది. చర్చిలో ఎవరైనా ఆమె పాట మెచ్చుకుంటే, తర్వాత ఏం అడుగుతారా అని కాచుకుని ఉంటుంది. టోంగా దీవుల నుంచి వచ్చినప్పటినుంచీ సిడ్నీ పడమటి శివారులో ఆస్పత్రి దుప్పట్లు ఉతుకుతోంది. ఏడేళ్ల మనవరాలు లూపెను పెంచుతున్నదీ ఆమే.

ఆ పిల్లకి బడిలో తెలివితేటల పరీక్ష పెట్టారు. ఫలితం చెబుతానని, పరీక్ష పెట్టిన బ్రిజిట్ కబురు చేసింది. పెళ్లికీ చావుకీ కట్టే అల్లిక చాపను నడుముకి బిగించుకుని, పిల్లను తీసుకుని వెళ్లింది లొసలిని. లూపెను వసారాలో కూర్చోబెట్టారు.

“దిమ్మెలతో బొమ్మలు కట్టడంలో తోటిపిల్లల్ని చాలా మించిపోయిందండీ. మాటల ప్రశ్నల్లో మాత్రం బాగా వెనకబడింది.”

“రెండూ కలిపితే?”

“ఒక అంకె వస్తుంది. ఇంత తేడా ఉన్నప్పుడు ఆ అంకెను నేను నమ్మను. బడివాళ్లు మాత్రం అది చూసే వెనకబడినవాళ్ల ప్రత్యేక తరగతిలో వేద్దామంటున్నారు.”

“ఒక చేమదుంప మాడింది, ఒకటి పచ్చిగా ఉంది. కలిపి ఉడికాయంటావా నువ్వు?”

బ్రిజిట్ నవ్వింది. లొసలిని ఆ నవ్వునూ నమ్మలేదు.

“ఇంట్లో దాని నోటికి తాళం ఉండదు. ఇక్కడేం అడిగావమ్మాయ్?”

“గొడుగు ఎందుకు అని అడిగాను. తల దించుకుంది.”

“ఎందుకో నీకు తెలీదా?”

“తెలుసు.”

“తెలిసీ అడుగుతావా!”

టోంగావాళ్ల ఇళ్లలో పెద్దవాళ్లు తెలిసిన సంగతి అడిగితే, పిల్లలు ఏదో తప్పు చేసినట్టే. కొబ్బరిపాలు ఎవరు ఒలికించారని అడిగితే తల దించుకోవడమే మర్యాద. బదులు చెబితే పొగరు. అప్పుడు లొసలినికి గుర్తొచ్చింది. పరీక్షనాటి పొద్దున జడ వేస్తూ లూపెకి తనే చెప్పింది: “వాళ్లు తెలిసినవే అడుగుతారు. నోరు జారకు.”

ఆ సంగతి బ్రిజిట్‌తో ఒప్పుకుంది. బ్రిజిట్ నవ్వలేదు. అదే పరీక్ష వెంటనే మళ్లీ పెడితే ఫలితం చెల్లదంది. లూపెను లోపలికి పిలిచింది.

“నాకు మీ టోంగా వంట, లూ, చేయడం రాదు. ఎలా చేస్తారు?”

లూపె మామ్మకేసి చూసింది.

“చెప్పవే. పాపం, ఈవిడకి తెలీదట.”

ఇక ఆగలేదు పిల్ల. లేత చేమాకే ఎందుకు, మాంసం మీద కొబ్బరిపాలు ఎప్పుడు పోయాలి, పొట్లం వదులైతే ఏమవుతుంది, మామ్మ ఒకసారి ఎలా మాడ్చింది, అన్నీ చెప్పింది. అప్పుడు బ్రిజిట్ నివేదికలో రాసింది: కలిపిన అంకెను లెక్కలోకి తీసుకోవద్దు, తరగతి మార్చవద్దు, మాటల భాగం కొన్నాళ్లాగి మరోసారి చూడాలి. లొసలిని దాన్ని రెండుసార్లు చదివించుకుంది.

బస్టాపులో లూపె అడిగింది. “మామ్మా, ఆవిడకి నిజంగా లూ రాదా?”

“రాదనే అంది. ఆదివారం భోజనానికి పిలుద్దాం. ఆవిడ పొట్లం కడుతుంటే తెలిసిపోతుంది.”