జమ్లీ కొట్టేసిన పేరు

మిర్యాలగూడలో జమ్లీ మేడం కంప్యూటర్ క్లాసుకు కొత్తగా వచ్చిన పిల్లలకు మొదటి రోజే బెరుకు పుడుతుంది. పేర్లు ఎక్కించే ప్రోగ్రాం ఒకటి రాయిస్తుంది. తన పేరు సరిగ్గా నడిమధ్యలో పెట్టించి, "ఇప్పుడు దీన్ని కొట్టెయ్యండి" అంటుంది. పిల్లలు జంకుతారు. "మేడంకు పట్టింపుల్లేవు" అని బయట చెప్పుకుంటారు. పట్టింపు ఉందో లేదో నన్నడగాలి. ఆ రోజు నేను పక్కనే ఉన్నాను.

అది తొంభై మూడు. కోదాడలో యూనివర్సిటీ కింద పెట్టిన ఎంసీఏ సెంటర్‌లో మేమిద్దరం ఒకే బెంచీ. నాది సూర్యాపేట, నోరు కాస్త పెద్దది. జమ్లీది త్రిపురారం అవతల తండా. అక్కడ కాలేజీ గడప తొక్కిన ఆడపిల్ల ఆమె ఒక్కతే. పంపనని తండ్రి మొండికేస్తే, "నా పూచీ మామా" అని ఒప్పించినవాడు మేనత్త మంగ్లీ కొడుకు కిషన్. అతనిదీ మా క్లాసే. కిషన్ తండ్రి ఫూల్‌సింగ్ తండాకు పెద్ద. ఆయన ఒక్క మాట వద్దంటే జమ్లీ చదువు ఆ పూటతో ఖతం. ఆ భయం ఆమెను నిద్రలో కూడా వదిలేది కాదు.

మాకు సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగ్ చెప్పింది రాజారత్నం సారు. పేరు విని ఏవో పెద్ద యంత్రాలనుకున్నాం. తీరా చూస్తే, ఎవరికి ఏం కావాలో ముందు అడగడం, కాగితం మీద గీసుకోవడం, రాయడం, రాసింది పరీక్షించడం. "రాసుడు అందరికొస్తది. రాసినదాన్ని ఇరగ్గొట్టి సూసుడే అసలు సదువు" అనేవారు. ఒకరు రాసింది ఇంకొకరు పరీక్షించాలని నియమం పెట్టారు. "కాకిపిల్ల కాకికి ముద్దు. నీ తప్పు నీ కంటికి ఆనదు." చీటీలు తీస్తే కిషన్ ప్రోగ్రాం జమ్లీకి వచ్చింది. తన చదువుకు పూచీ పడ్డవాడి తప్పులు ఇప్పుడు ఆమే వెతకాలి.

కిషన్ రాసింది ఆషామాషీ ప్రోగ్రాం కాదు. హైవే మీద ప్రమాదం జరిగితే సూర్యాపేటలో ఒక ప్రైవేటు దవాఖానకు తెచ్చేవారు. రక్తం ఇచ్చేవాళ్లను వెతికేలోపు పుణ్యకాలం కాస్తా గడిచిపోయేది. గ్రూపు కొట్టగానే మనుషుల పేర్లు తెర మీదికి వచ్చేలా కిషన్ రాశాడు. తండాలో అందరికీ రక్తపరీక్ష చేయించి ఆ పేర్లే ఎక్కించాడు. వాళ్లమ్మది ఓ నెగెటివ్, చాలా అరుదు. అది చెప్పేటప్పుడు అతని ముఖం వెలిగిపోయేది.

సారుకు చూపించడానికి ముందు రోజు జమ్లీ పరీక్షకు కూర్చుంది. పేరు ఎక్కించి చూసింది, వెతికి చూసింది. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. పేరు తీసేసే దగ్గరికి రాగానే కిషన్ చెయ్యి అడ్డం పెట్టాడు.

"అది వద్దు. అండ్ల ఉన్నోళ్లంత మనోళ్లే. బతికున్నోళ్ల పేరు కొట్టేస్తవా?"

మా ఇళ్లల్లోనూ ఉన్న పట్టింపే. బతికున్న మనిషి పేరు కొట్టేస్తే ఆయుష్షు తగ్గుతుందంటారు. జమ్లీ ఒక ఉపాయం చేసింది. ఏబీసీ అని లేని మనిషిని చివర్లో ఎక్కించి, తీసేసింది. శుభ్రంగా పోయింది. "సూసినవా!" అన్నాడు కిషన్. ఆమె కూడా నవ్వింది.

మర్నాడు పొద్దున హాస్టల్లో ఉప్మా కెలుకుతూ కూర్చుంది. ఏమైందే అన్నాను.

"చివరోడు పోతే సరే. నడిమోడు పోతేనో? కిందున్నోళ్లు పైకి జరగాలె గద. పేర్లు ఒక వరుస, గ్రూపులు ఇంకో వరుస పెట్టిండు. రెండూ జరుగుతయా?"

"సారుకు చెప్పు."

"సెప్తే బావ ఇజ్జత్ పోతది. ఇయ్యాల మామ గూడ వస్తుండు."

"చెప్పకపోతే?"

ఆమె ప్లేటు పక్కకు జరిపింది. సోమవారం నుంచి ఆ ప్రోగ్రాం దవాఖానలో నడవబోతోంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

ల్యాబ్ బయట చెప్పులు విడుస్తుంటే ఫూల్‌సింగ్ ఎదురొచ్చాడు. "నువ్వు గీడ సదువుతున్నవంటే మా కిషన్ మాట మీదనే. యాదుంచుకో బిడ్డా" అన్నాడు, మెల్లగానే. నాకు ఒళ్లు మండింది. జమ్లీ తల వంచుకుని లోపలికి నడిచింది.

దవాఖాన నుంచి డాక్టరమ్మ వచ్చి కూర్చుంది. కిషన్ చకచకా చూపించాడు. ఓ నెగెటివ్ అని కొట్టగానే మంగ్లీ పేరు వచ్చింది. ఫూల్‌సింగ్ మీసం మీద చెయ్యి వేసుకున్నాడు.

"పరీక్షించినోళ్లు ఏమంటరు? అన్నీ సూసినవా జమ్లీ? సంతకం పెడ్తవా?" అని సారు అడిగారు.

కిషన్ వాళ్ల భాషలో ఏదో అన్నాడు. మాటలు నాకు అర్థం కాలేదు గానీ, అది బతిమాలడమని అర్థమైంది.  

"ఒకటి మిగిలింది సార్" అంది జమ్లీ.

కంప్యూటర్ ముందు కూర్చుంది. పేర్ల వెంట కిందికి దిగుతూ దిగుతూ ఒకచోట ఆగింది. మంగ్లీ పేరుకు సరిగ్గా పైన ఉన్నది తన పేరు.

"నీదా? వద్దు జమ్లీ!" కిషన్ అరిచాడు.

 ఆమె కొట్టేసింది.

"ఇప్పుడు ఓ నెగెటివ్ వెతకండి మేడం."

డాక్టరమ్మ వెతికి, పైకి చదివింది. "హన్మా."

ఫూల్‌సింగ్ లేచి నిలబడ్డాడు. "హన్మా ఏంది? అది మంగ్లీది గద!"

"పేర్లు పైకి జరిగినయి మామా, గ్రూపులు జరగలే. అత్త కిందున్న హన్మా పేరు అత్త జాగలకొచ్చింది. నా కిందున్నోళ్లందరికీ ఒకరి రక్తం ఇంకొకరికి పోయింది."

"మేము హన్మాను పిలిపించేవాళ్లం" అంది డాక్టరమ్మ. "వచ్చాక పరీక్ష చేస్తే కాదని తేలేది. అప్పటిదాకా పేషెంటు ఉండాలిగా?"

సారు కాగితం మీద సంతకం చేయకుండానే కలం మూత పెట్టారు. కిషన్ తలెత్తలేదు. ఫూల్‌సింగ్ జమ్లీ దగ్గరికి వచ్చాడు. ఇంటికి నడవమంటాడని నేను కొట్లాటకు సిద్ధమై లేచాను.

"కొట్టేసింది నీ పేరా?"

"అవును మామా."

"గన్ని పేర్లుండంగ నీదే ఎందుకు?"

"ఇంకెవరిది కొట్టాలె మామా?"

 ఆయన కొడుకు వైపు తిరిగాడు. "అది బాగు చేసి, పిల్ల పేరు మల్ల ఎక్కిచ్చేదాంక నువ్వు గీడికెళ్లి లేవకు."

జమ్లీ కుర్చీ వదిలి లేవబోయింది. ఆయన ఆమె భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టాడు.

"నువ్వు గూడ లేవకు బిడ్డా. సదువు అయిపోయేదాంక."