వార్తలకు ముందు వచ్చే ముఖాలు

మా చిన్నప్పుడు పాకాలలో మా వీధి మొత్తానికి ఒకటే టీవీ... రైల్వే గార్డు గారింట్లో. సాయంత్రం వార్తల వేళకు అందరం వాళ్ళ వసారాలో చేరేవాళ్ళం. మగవాళ్ళకు వార్తలు కావాలి, పిల్లలకు తర్వాత వచ్చే పాటలు కావాలి. మా అవ్వకు మాత్రం వార్తలకు ముందు వచ్చే 'కనబడుటలేదు' ప్రకటనలు కావాలి. అవి అయిపోగానే కొంగు దులుపుకుని ఇంటికి వచ్చేసేది. ప్రభుత్వాలు పడిపోయినా ఆమెకు పట్టేది కాదు.

మొదటి నుంచీ అలా లేదు... చిన్నాయన వెళ్ళిపోయాక మొదలైంది.

చిన్నాయన అంటే మా నాయన తమ్ముడు, అవ్వకు చిన్నకొడుకు, మునిరత్నం. ఇరవై నాలుగేళ్ళు. దువ్వెన దిగని ఉంగరాల జుట్టు. నన్ను సైకిలు ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని స్టేషనుకు తీసుకెళ్ళి, కాట్పాడి బండికి చెయ్యి ఊపించేవాడు. ఉద్యోగం పరీక్ష మూడోసారి పోయిందని తెలిసిన రోజు, అందరం అన్నాలకు కూర్చున్నప్పుడు నాయన ఒక మాట అన్నాడు.

"తినేదానికి మాత్రం టయానికి వచ్చేస్తావు."

అంతే... చిన్నాయన సంగటి ముద్ద అలాగే వదిలేసి చెయ్యి కడుక్కున్నాడు. "కొండకు పోయొస్తా వదినా" అని అమ్మతో చెప్పి తిరుపతి బండెక్కాడు. మా వైపు కొండ అంటే తిరుమలే. మనసు బాగాలేకపోతే కొండకు పోవడం మాకు మామూలే కాబట్టి ఎవరూ ఆపలేదు. రెండు రోజులు... నాలుగు రోజులు... వారం.

నాయన తిరుపతిలో సత్రాలన్నీ తిరిగాడు. చివరికి పోలీసు స్టేషన్లో రాసిచ్చి, టీవీ వాళ్ళకు పంపే కాగితం ఒకటి తెచ్చాడు. నేనప్పుడు ఏడో తరగతి. నా దస్తూరీ బాగుంటుందని నాతో రాయించాడు. ముందు ఏడాది చుట్టాల పెళ్ళిలో తీసిన ఫోటోలోంచి కత్తిరించిన చిన్నాయన ముఖం ముందు పెట్టుకుని, అందులో ఎలా ఉంటే అలా రాశాను... ఒత్తైన ఉంగరాల జుట్టు, సన్నని మీసం. ఒక్క కొట్టివేత కూడా లేదని మురిసిపోయాను.

ఆ ప్రకటన వచ్చిన రోజు వీధి వీధంతా గార్డు గారింట్లోనే ఉంది. కరెంటు పోకూడదని అమ్మ కొబ్బరికాయ మొక్కుకుంది. పోలేదు. తెర మీద చిన్నాయన ముఖం కనబడగానే అవ్వ లేచి ముట్టుకోబోయింది... చెయ్యి చేరేలోపు ఇంకెవరిదో ముఖం వచ్చేసింది.

మరుసటి రోజు నుంచి ఊళ్ళోవాళ్ళంతా వెతికారు. టీ అంగడి వాళ్ళు, మామిడికాయల లారీ డ్రైవర్లు, బస్సు కండక్టర్లు... ఉంగరాల జుట్టు కుర్రాడు కనబడితే చాలు, "నీ పేరేందప్పా?" అని ఆపేవాళ్ళు.

నెల దాటాక ఒక ఉదయం, మా ఇంటికి వచ్చే మంగలి నాయనకు గడ్డం గీస్తున్నాడు. నేను నీళ్ళ చెంబు పట్టుకుని పక్కనే ఉన్నాను. ఉన్నట్టుండి మంగలి చెయ్యి ఆపేశాడు.

"అన్నా... కొండకు పోయినోడికి జుట్టు యాడుంటాది?"

నాయన సగం గడ్డంతో అలాగే కూర్చుండిపోయాడు. మా ఇంట్లో కొండకు పోయిన మగవాళ్ళెవరూ గుండు లేకుండా తిరిగి రాలేదు. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు, నాకూ తెలుసు. అయినా ఊరంతటినీ జుట్టున్న మనిషి కోసం వెతికించాం.

ఆ మాట ఊళ్ళో పాకింది. రెండు రోజులకు ఒక కండక్టరు మా ఇంటికి వచ్చి గడప దగ్గరే నిలబడ్డాడు. "మద్రాసు బస్సులో సూసినానన్నా. ముఖం అదే. గుండు ఉండాది, మీసం లేదు. టీవీలో జుట్టన్నారు గదా అని అడగలేదు" అని కళ్ళు తుడుచుకున్నాడు. నాయన మద్రాసుకు పరిగెత్తాడు. వారం తిరిగి ఒట్టి చేతులతో వచ్చాడు.

మళ్ళీ కాగితం తెచ్చాడు. గుండు అని రాయాలా? ఇన్ని రోజులకు మొలిచి ఉంటుందా? నాయన చెప్పలేకపోయాడు, నేను రాయలేకపోయాను. నన్ను ఎవరూ ఒక్క మాట అనలేదు... తిట్టి ఉంటే బాగుండేది.

నాయన ఆ తర్వాత గార్డు గారి గడప తొక్కలేదు. అవ్వ మాత్రం రోజూ వెళ్ళేది. పిల్లలు గోల చేస్తే కసురుకునేది.

"ఉండండ్రా, సూడనీండి. మనం వాళ్ళ బిడ్డల్ని గుర్తు పెట్టుకుంటే, యాడో ఒక తల్లి మనోణ్ణి గుర్తు పెట్టుకుంటాది."

అన్నట్టే ఒకసారి స్టేషన్లో, టీవీలో చూసిన పిల్లను పట్టుకుంది. కూర్చోబెట్టి అన్నం పెట్టి, స్టేషన్ మాస్టరుకు చెప్పి వాళ్ళవాళ్ళను పిలిపించింది. ఆ తల్లి అవ్వ కాళ్ళ మీద పడింది. "ఇంక మనోడు వచ్చేస్తాడు" అంటూ అవ్వ ఆ రోజు పాయసం చేసింది. చిన్నాయన రాలేదు. అవ్వ పోయేదాకా రాలేదు.

ఇప్పుడు టీవీ నా అరచేతిలోనే ఉంది. మొన్న మా కాలనీ గ్రూపులో శుభోదయం గులాబీలకూ, రాజకీయాల తిట్లకూ మధ్య 'కనబడుటలేదు' అని ఒక ఫోటో వచ్చింది. ఐదు గ్రూపులకు పంపి, దండం బొమ్మ పెట్టి, టీ తాగాను. సాయంత్రానికి ఆలోచిస్తే ఆ మనిషి ఆడో మగో గుర్తు లేదు. నాకే... అవ్వ మనవరాలికే గుర్తు లేదు. సిగ్గుతో తల తీసేసినట్టయింది.

మీ ఇంట్లోనూ ఇలా ఎదురుచూస్తున్న ముఖం ఉంటే కింద రాయండి. ఈసారి ముందు చూస్తాను, తర్వాతే పంపుతాను.

మాది కూడా రాస్తున్నాను. పేరు మునిరత్నం. ఇప్పుడు యాభై దాటి ఉంటాయి. ఎడమ చెవి కింద మచ్చ. మాట్లాడేటప్పుడు తల కొంచెం పక్కకు వంచుతాడు. జుట్టు ఉండొచ్చు... లేకపోవచ్చు. దయచేసి ముఖం చూడండి.