ఎత్తని తెడ్డు

ఫ్రీమాంటిల్ అనే రేవు పట్నంలో బడి గదులు ఊడ్చే ఐలీన్‌కి యాభై ఆరేళ్ళు. పోయిన ఏడాది ఆమె చెల్లెలు రోండా, ఎదురుగా ఉన్న దీవికి ఈదుతూ నడి సముద్రంలో చనిపోయింది. పక్కనే తోడుగా, కయాక్ అనే సన్నటి పడవలో తెడ్డు పట్టుకుని కూర్చున్నది ఐలీనే.

ఇక్కడి ఈతగాళ్ళకి ఒక పాడు అలవాటుంది. దీవి దాకా ఉన్న ఇరవై కిలోమీటర్లు ఈదబోయే ముందు కయాక్ మనిషి చేత ఒట్టు వేయించుకుంటారు: నేను ఏడ్చినా, బతిమాలినా సరే, బయటికి తీయించకు అని. కయాక్‌ని తాకితే ఈత చెల్లదు. కయాక్ మనిషి తెడ్డు నిలువుగా ఎత్తితే మాత్రం వెనకాలే వచ్చే మోటారు పడవ వాళ్ళు వచ్చి ఎక్కించుకుంటారు. రోండా మూడుసార్లు అడిగింది. ఒట్టు వేశాను కదా అని ఐలీన్ తెడ్డెత్తలేదు. నాలుగోసారి అడగటానికి రోండా లేదు.

ఉన్నట్టుండి మునిగిపోయిందని ఐలీన్ అందరికీ చెప్పింది. రోండా మొగుడు క్లెమ్‌కీ అదే చెప్పింది. అతను నమ్మాడు. పైగా, పాపం, ఆదివారాలు వచ్చి ఈమె ఇంటి పెరట్లో గడ్డి కోసిపెట్టి వెళ్ళేవాడు. ఆ మంచితనం ఆమెను కాల్చుకు తినేది. చివరికి, అదే దారిలో ఈది, దీవి ఇసకలో నిలబడి నిజం చెప్పేస్తానని నిశ్చయించుకుంది. కయాక్ నడపమంటే క్లెమ్ సరేనన్నాడు. ఒట్టు కూడా వేయించుకుంది. బుద్ధుందా అంటే ఏం చెబుతుంది? ఈతగాళ్ళ నోటికి అలవాటైపోయిన మాట.

పన్నెండో కిలోమీటరు దాకా బాగానే సాగింది. తాడు కట్టిన సీసాలో టీ విసిరినప్పుడల్లా, ఈదుతున్నావా ముసలిదానా, కునుకు తీస్తున్నావా అని క్లెమ్ ఎగతాళి చేశాడు. పదిహేను దగ్గర చలి ఎముకల్లోకి దిగింది. తాగిన టీ కక్కేసింది. తీయించెయ్యమంది. క్లెమ్ తల అడ్డంగా ఊపాడు. మళ్ళీ అడిగింది, ఏడ్చింది. మూడోసారి అడుగుతుంటే అచ్చం రోండా గొంతే వినిపించి హడలిపోయింది. ఇక్కడే పోతే చెప్పే పని తప్పుతుందని కూడా అనుకుంది, సిగ్గులేకుండా. చేతులు మాత్రం ఆగలేదు.

ఎప్పటికో కాళ్ళకి ఇసక తగిలింది. క్లెమ్ కయాక్ ఒడ్డుకి లాగి, పరుగున వచ్చి దుప్పటి కప్పాడు. ఏడాదిలో మొదటిసారి అతని ముఖాన నిండు నవ్వు కనిపించింది.

“మూడుసార్లు అడిగావు. నేను విన్నానా? వినుంటే ఇక్కడిదాకా వచ్చేదానివా?”

నిజం చెబితే తన తప్పు ఒప్పుకున్నట్టేనని ఇన్నాళ్ళూ అనుకుంది. ఇప్పుడు చెబితే ఆ మరక అతనికీ అంటుతుంది. తెలిసే నోరు విప్పింది.

“రోండా కూడా అడిగింది, క్లెమ్. మూడుసార్లు. నేనూ నీలాగే వినలేదు.”

క్లెమ్ ఒక్కటే అడిగాడు. 

“అప్పుడు మోటారు పడవ ఎంత దూరంలో ఉంది?”

“ఇవాళ ఉన్నంత దూరంలోనే.”

క్లెమ్ తల తిప్పి చూశాడు. కేకేస్తే వినపడేంత దూరంలో పడవ ఆగి ఉంది. అందులోవాళ్ళు సంతోషంగా చేతులూపుతున్నారు.