మా డ్రిల్లు సారు తెలుగులో చెప్పిన రహస్యం

మా డ్రిల్లు సారు మొన్న మంగళవారం తెల్లవారుజామున పోయారు. కోయంబత్తూరులో మిల్లు కార్మికుల లైను ఇళ్ళలో అది మొదటి షిఫ్టువాళ్ళు క్యారియర్లు పట్టుకొని బయలుదేరే వేళ. వార్త వాళ్ళతోపాటే వీధులన్నీ తిరిగింది. తెల్లవారాక పడుకున్నవాణ్ణి జీవితంలో ఎన్నడూ క్షమించని మనిషి, ఆ రోజు ఎండెక్కినా పడుకొనే ఉన్నారు. ఆయన దగ్గర చదివిన వాళ్ళమంతా వరుసకట్టి నిటారుగా నిలబడ్డాం. లేచి తిడతారేమోనని కొంత ఆశ కూడా ఉండింది.

మైదానంలో ఆయన ఆజ్ఞలు ఇంగ్లీషు, తిట్లు తమిళం. తెలుగు మాత్రం మా అందరి ఇళ్ళలోలాగే గడప లోపలి మాట. బయట అది ఎవరికీ అర్థం కాదని మావాళ్ళకు తరతరాల నమ్మకం. బస్సులో పక్కనున్నవాడి బట్టతల గురించి వాడి ముందే తెలుగులో ధైర్యంగా చర్చిస్తాం. సారు తెలుగులోకి దిగారంటే అది రహస్యమని లెక్క.

మిల్లువాళ్ళు పారేసిన పెట్టెల చెక్కలతో ఆయన హర్డిల్స్ చేయించారు. నేను వాటిని పక్షపాతం లేకుండా అన్నిటినీ పడగొట్టేవాణ్ణి. "నువ్వు దాటేదానికి వచ్చినావా, కట్టెలు కొట్టేదానికి వచ్చినావా?" అని అడిగి, పడినవాటిని నిలబెట్టే ఉద్యోగంలో నన్ను స్థిరపరిచారు. అలా దగ్గరుండి చూసిన విద్య ఇది: హర్డిల్ మీద ఎగరకూడదు, పరుగు ఆపకుండా దాటిపోవాలి. దూరం నుంచే కాలెత్తాలి. ముందుకాలు సూటిగా పోవాలి, వెనకకాలి మోకాలు పక్కకు మడుచుకొని చంక దాకా రావాలి. దగ్గరికి వెళ్ళి ఎగిరేవాడు పైకి పోతాడు గానీ ముందుకు పోడు. "గాల్లో ఉండే దాకా ఎవుడూ పరిగెత్తలేడప్పా" అనేవారు.

మా అన్న మాత్రం నీళ్ళు పారినట్టు దాటేవాడు. సారు వాణ్ణి ఒక్కసారి కూడా మెచ్చుకోలేదు. గడియారం చూసి, "ఊఁ, ఇంకోతూరి" అనేవారు, అంతే.

ఆ ఏడు నాన్న పనిచేసే మిల్లు మూతపడింది. ఇంకో పెద్ద మిల్లువాళ్ళు తమ జట్టు కోసం హైస్కూళ్ళ పోటీల్లో హర్డిల్స్ గెలిచినవాణ్ణి పర్మనెంటు ఉద్యోగంలోకి తీసుకుంటామన్నారు. ఒక్కణ్ణే. అమ్మ రంగనాథుడికి మొక్కుకుంది. సారు మొక్కుకోలేదు, అన్నను రోజూ మరో గంట ఎక్కువ పరిగెత్తించారు.

పోటీ రోజు తిరుమంగళం నుంచి వచ్చిన కుర్రాడొకడు అన్నకు సమానంగా ఉన్నాడు. ఫైనలుకు ముందు సారు అన్నను పక్కకు పిలిచి తెలుగులో చెప్పారు: "ఆ తిరుమంగళం పిల్లోడు మరీ దగ్గరికిపోయి ఎగురుతా ఉండాడు. రెండడుగులు ముందే కాలెత్తినాడంటే నిన్ను కొట్టేస్తాడు. వానికి అది తెలీదు. కడసీలో, ఆఖరి హర్డిల్ కాడ, పట్టుకో." ఆ పిల్లోడు పక్కనే కూర్చొని కాలికి గుడ్డ చుట్టుకుంటున్నాడు. తలెత్తలేదు.

తుపాకీ పేలింది. మొదటి హర్డిల్ దగ్గరే వాడు దూరం నుంచి కాలెత్తాడు. రెండోదీ అలాగే. సారు మొహం చూశాను. అడ్డంగా కట్టిన తాడు దాటి ట్రాకులోకి అడుగుపెట్టకూడదు, అరవకూడదు, అరిచినా చెప్పడానికి ఏమీ మిగల్లేదు. చివరిదాకా ఇద్దరూ పక్కపక్కనే పోయారు. జానెడు తేడాతో అన్న రెండోవాడయ్యాడు.

గెలిచిన పిల్లోడు నేరుగా సారు దగ్గరికి వచ్చాడు. "మా ఇంట్లోనూ తెలుగే అయ్యా. మీరు చెప్పిందే చేస్తిని" అన్నాడు. థాంక్సు చెప్పడానికి మా ఇళ్ళ తెలుగులో మాట లేదు కాబట్టి కాళ్ళకు దండం పెట్టాడు. సారు వాడి తలమీద చెయ్యి పెట్టి, తీయడం మరిచిపోయి అలాగే ఉండిపోయారు.

ఉద్యోగం వాడికి వచ్చింది. అన్న పత్తి గోడౌనులో మూటలు మోయడానికి వెళ్ళాడు. అన్నకు పని అడుగుతూ సారు ఎన్ని మిల్లుల గేట్ల దగ్గర నిలబడ్డారో మాకు తెలియదు. శనివారం సాయంత్రాలు మాత్రం మా అరుగు మీదికొచ్చి కూర్చునేవారు. అమ్మ కాఫీ ఇచ్చి, ఏమైనా పనిమీద వచ్చారా అంటే, "ఏం లేదమ్మా, ఊరికే చూసి పోదామని" అనేవారు. అన్న మూటలు దించి వచ్చేదాకా ఉండేవారు. వాడు రాగానే లేచి వెళ్ళిపోయేవారు.

ఆయన పోవడానికి ముందువారం ఆసుపత్రికి వెళ్ళాం. ఆయాసంతో దిండుకు ఆనుకొని కూర్చున్నారు. అన్న దారి పొడుగునా ఒక అబద్ధాన్ని, మా ఇళ్ళ తెలుగులో చెప్పాలంటే ఒక 'పొయ్యి'ని, అభ్యాసం చేసుకుంటూ వచ్చాడు. కూర్చోకముందే చెప్పేశాడు: "సారు, ఆ పొద్దు కడసీ హర్డిల్‌కి నా కాలు తగిలింది. అందుకే ఓడితిని. మీ మాట వల్ల కాదు."

ఆయన కళ్ళు మూసుకొని ఊపిరి కూడదీసుకున్నారు. "పొయ్యి చెప్పొద్దప్పా," అన్నారు. "నీ కాలు దేనికీ తగల్లే. అంత బాగా పరిగెత్తినోణ్ణి నేను ఎన్నడూ చూడ్లే."

అన్న మంచం చివర కూర్చొని, చల్లబడ్డ ఆయన పాదాలు రెండూ ఒళ్ళోకి తీసుకున్నాడు. చూడ్డానికి వచ్చినవాళ్ళను వెళ్ళమని గంట కొట్టారు. వాడు వినలేదు, మూటలు మోసి కాయలు కాచిన చేతులతో వాటిని రుద్దుతూనే ఉన్నాడు.