అడ్డంగా బిగించిన యాంటెనా

2013 అక్టోబరు. తుఫాను హెచ్చరిక వచ్చిన మర్నాడు పగటిపూట, భోగాపురం అవతల సముద్రపు ఒడ్డునున్న ఊరిలో ఒక రిటైరైన సంగీతం మాస్టారి ఇంట్లో ఉన్నాను. విజయనగరంలో నాది టీవీ, రేడియో రిపేరు షాపు. మాస్టారూ నేనూ లైసెన్సున్న హామ్‌లం, అంటే సొంత రేడియో స్టేషన్ నడుపుకునే అనుమతి ఉన్నవాళ్లం. ఆయనది ప్యాకెట్ స్టేషన్. కంప్యూటర్లో టైపు చేసిన కబురును ముక్కలు ముక్కలుగా రేడియోలో పంపుతుంది. ఒక్క అక్షరం చెడినా అవతలి యంత్రం ఆ ముక్కను ఒప్పుకోదు, మళ్లీ పంపమంటుంది. కబుర్లు అవతలికి చేరడం లేదని ఆయన అంటే మంచి యాంటెనా కట్టడానికి వచ్చాను.

గాలికి సెల్ టవర్ పోయింది. రేడియో కారు బ్యాటరీ మీద నడుస్తోంది. గడపలో ఆ ఊరి నూకాలమ్మ కూర్చుని ఉంది. ఆమె పెనిమిటి అప్పలరాజు ఎక్కిన బోటు విశాఖ హార్బరుకు చేరిందో లేదో తెలియాలి. అక్కడ మాకొక హామ్ మిత్రుడున్నాడు. మైకులో అడిగితే, కిటికీకి కట్టిన పాత కడ్డీ యాంటెనాలో "అప్పలరాజు" అన్నంతవరకే వినిపించింది. తర్వాతంతా హోరు. నాలుగుసార్లు అడిగినా అంతే.

"ఆడి పేరెత్తినాడు కద బాబూ. తరవాతేటన్నాడు?"

"వినబడలేదమ్మా."

"దాస్తన్నావు."

"చేరే ఉంటాడని చెప్పేద్దామా?" అన్నారు మాస్టారు మెల్లగా.

వద్దన్నాను. అంతకు ముందు ఏడాది నా భార్య ఆసుపత్రిలో ఉన్న నాలుగు రోజులూ "తగ్గిపోతుంది" అన్న మాటనే పట్టుకుని కూర్చున్నాను. అన్నవాళ్లకు ఏమీ తెలియదని ఆమె పోయాక తెలిసింది.

యాగీ యాంటెనాను, అంటే బలమంతా ఒకే దిక్కుకు పంపేదాన్ని, డాబా మీది పైపుకు బిగించి విశాఖ వైపు తిప్పాను. దిగి చూస్తే పాత కడ్డీ కంటే అధ్వానం. ముక్కలు పదే పదే వెనక్కి వచ్చి లింకు తెగిపోతోంది. కేబుల్ మార్చాను. కనెక్టర్ విప్పి, గీకి, మళ్లీ బిగించాను. మార్పు లేదు. బ్యాటరీ దిగుతోంది. గాలి ఇంకొంచెం పెరిగితే పైపే నిలవదు.

మళ్లీ డాబా ఎక్కాను. నూకాలమ్మ వాకిట్లోకి వచ్చి పైకి చూసింది.

"ఏటి బాబూ, నా మొగుడి కబురడిగితే మాస్టారికి టీవీ పెడతన్నావేటి?"

నా చేతులు ఆగిపోయాయి. ముప్పై ఏళ్లు ఇళ్ల మీద టీవీ యాంటెనాలు కట్టిన చేతులవి. టీవీకి కడ్డీలు అడ్డంగా ఉండాలి. మిత్రుడి యాంటెనా నిలువుది. దానికి నాదీ నిలువుగా ఉంటేనే అందుతుంది. అలవాటు కొద్దీ అడ్డంగా బిగించేశాను.

నట్టు వదులు చేసి కడ్డీలను నిలువుకు తిప్పాను. పైపు ఊగిపోతోంది. నూకాలమ్మ మెట్లెక్కి వచ్చి దాన్ని రెండు చేతులా వాటేసుకుంది.

"కనెక్టయింది!" కింద నుంచి మాస్టారు అరిచారు. ప్రశ్న టైపు చేశారు. జవాబు వచ్చాక మెట్ల దగ్గరికొచ్చి చదివారు: "బోటు నిన్ననే చేరింది. అప్పలరాజుకు కాలు విరిగింది. కట్టు కట్టారు. ప్రాణభయం లేదు."

"ఇంకోపాలి సదువు."

మూడుసార్లు చదివించుకుంది. "కాలే కదా, ఇరగనీ. ఇకనైనా ఇంటిపట్టునుంటాడు సచ్చినోడు" అని పైపు పక్కనే కూలబడి ఏడ్చింది.

చేరే ఉంటాడని ముందే చెప్పి ఉంటే అబద్ధం అయ్యేది కాదు. కానీ కాలు సంగతి ఆమెకు తెలిసేది కాదు. తెలిసింది కాబట్టే, గాలి తగ్గగానే రెండు చీరలు, ఒక దుప్పటి మూటగట్టుకుని విశాఖ బయల్దేరింది.