కార్తీకంలో పంది వేట

మొన్న ఆదివారం పొద్దున్నే సింగపూర్‌లో మేముండే హౌగాంగ్ బ్లాకు వాట్సాప్ గ్రూపులో ఒక వీడియో వచ్చింది. కాలవ పక్కన నడక బాట మీద ఒక అడవిపంది, దాని వెనక నాలుగు చారల పిల్లలు, అద్దె కట్టి ఉంటున్నవాటిలా తీరిగ్గా వెళ్తున్నాయి. ఒకాయన సైకిలు దిగి పక్కకి తప్పుకున్నాడు. దాని కింద అప్పటికే బోలెడు మెసేజీలు. పిల్లల్ని కిందికి పంపొద్దని కొందరు, వాటికి తిండి పెట్టొద్దని కొందరు, ఫిర్యాదు చేసేశామని కొందరు. నేను ఆ వీడియో మా అమ్మాయికి చూపించి, "మా తాతగారైతేనా..." అని మొదలుపెట్టాను. అది తన ఫోన్లోంచి తలైనా ఎత్తకుండా "నాట్ అగైన్ లా, నాన్నా" అంది. దానికి తెలుసు, ఆ కథ తాతగారి దగ్గర మొదలై భాయ్ దగ్గరికొచ్చి ఆగిపోతుందని. అక్కడికి రాగానే నాకు ఒళ్ళు మండుకొస్తుంది, ఇంట్లోవాళ్ళ మీద అకారణంగా విసుక్కుంటాను. నిజానికి ఆ విసుగు నా మీద నాకే.

మా అమ్మ తండ్రి రంపచోడవరం అవతల ఒక కలప డిపోలో గుమాస్తా. కొండవాళ్ళతో స్నేహం, చేతిలో ఒక నాటు తుపాకి. ఆయన జీవితం మొత్తం మీద కొట్టింది ఒకే ఒక్క పంది అని అమ్మ అనేది. నా నోట్లో పడ్డాక అవి ఏడెనిమిదయ్యాయి. సింగపూర్ వచ్చిన కొత్తలో, ఇదే హౌగాంగ్‌లో ఒక గదిని ఇద్దరం పంచుకునేవాళ్ళం, నేనూ భాయ్. అతనిది హైదరాబాదు పాతబస్తీ. నాకు పాయా లేబర్‌లో బ్యాంకు ఉద్యోగం, అతనికి వన్-నార్త్‌లో సాఫ్ట్‌వేర్. రాత్రి అన్నాలు తిని పడుకున్నాక నేను తాతగారి వేట కథ మొదలుపెట్టేవాణ్ణి. అతను పంది పేరు వింటే "తౌబా తౌబా" అంటూనే, ఆ తర్వాత ఏమైందని అడిగేవాడు. పెళ్ళిళ్ళయి, వేరే ఫ్లాట్లకు మారి, పిల్లలు పుట్టాక కూడా కలిసినప్పుడల్లా అదే కథ. తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అన్న సామెత నాకోసమే పుట్టిందని మా బావ, అంటే మా అక్క భర్త, పదిమందిలోనూ అనేవాడు.

ఆరేళ్ళ కిందట భాయ్‌ని వాళ్ళ కంపెనీ దోహాకి బదిలీ చేసింది. కుటుంబమంతా వెళ్ళిపోవడమే. ఇక్కడ కారుకి పదేళ్ళే ఆయుష్షు, అతని కారుకి కూడా ఆ సంవత్సరంతో గడువు తీరిపోతోంది. ఒకరోజు కాఫీ తాగుతూ అతనే ఎత్తాడు మాట. "ఇరవై ఏండ్ల సంది తాత తాత అని నా చెవులు తిన్నవ్ యార్. నేను పోయేలోపల నీకొక పందిని చూపిస్త. తినను, ముట్టను, నా బండి ఎక్కనియ్య. నడుపుత, అంతే." నాకు కారు లేదు. ఇక్కడ కారు పెట్టుకోవడం ఏనుగుని మేపడంతో సమానం. పైగా అది మేము కలిసి చేసే ఆఖరి ప్రయాణం. బాగా జరగాలని నేను ఎంత గట్టిగా కోరుకున్నానంటే, బయల్దేరక ముందే దాని గురించి చిరాకు పడటం మొదలుపెట్టాను.

వేట మనిషిని కుదిర్చి, తనూ వస్తానన్నది బావ. ఎప్పుడో ఉగాది సభలో పరిచయమైన పెద్దాయన ఒకరు మలేసియాలో, పేరాక్ రాష్ట్రంలో, పామాయిల్ తోట పక్కన ఉంటారు. నాలుగు తరాల కిందట శ్రీకాకుళం వైపునుంచి ఓడెక్కి వచ్చిన కుటుంబం. ఆయన తెలుగులో ఆ ఊరి యాస చెక్కుచెదరలేదు, మధ్యమధ్య మలయ్ మాటలు వచ్చి చేరాయి అంతే. ఫోన్లో "రండి బాబూ, కొత్తగా ఏసిన మొక్కలన్నీ తవ్వీసి పోతన్నాయి పందులు" అన్నాడు. తేదీ పెట్టింది కూడా బావే. దీపావళి గురువారం వచ్చింది, శుక్రవారం సెలవు పెడితే నాలుగు రోజులు కలిసొస్తాయి అని లెక్క చెప్పాడు. అందరం శభాష్ అన్నాం. ముగ్గురం చదువుకున్నవాళ్ళం, చేతుల్లో మూడు ఫోన్లు, ఒక్కడంటే ఒక్కడు పంచాంగం చూడలేదు.

శుక్రవారం తెల్లవారుతుండగా బయల్దేరాం. ఆ నాలుగు రోజుల లెక్క సింగపూర్‌లో అందరికీ వచ్చినట్టుంది, మలేసియాకి దాటే వంతెన మీద కార్లు దారానికి గుచ్చినట్టు నిలబడిపోయాయి. గంటకి ఒక బస్సు పొడవు జరుగుతున్నాం. బావ పులిహోర డబ్బా తీసి కారంతా ఇంగువ వాసన పట్టించాడు. మధ్యాహ్నానికల్లా చేరిపోతామని నేను వేసుకున్న లెక్క జొహోర్ దాటేసరికే నీళ్ళపాలయింది. ఆ తర్వాత రోడ్డు పొడుగునా ఎటు చూసినా పామాయిల్ చెట్లే, ఒకే చెట్టుని అద్దాల మధ్య నిలబెట్టినట్టు. బావకి ప్రతి గంటకీ దిగాలి. భాయ్ జుమ్మా నమాజుకి దారిలో ఒక మసీదు దగ్గర ఆపాడు. మేమిద్దరం ఎదురుగా కొట్లో కూర్చుని కోడిముక్కతో నాసి లెమాక్ తిన్నాం. అంటే కొబ్బరిపాలతో వండిన అన్నం. అది రుచిగానే ఉంది, కానీ నేను గడియారం చూస్తూ తిన్నాను. అతను వచ్చి "లేటయిందా?" అని అడిగితే, "అబ్బే, ఏం లేదు" అన్నాను. ఆ అబద్ధం చెప్పిన తీరులోనే నిజం అతనికి తెలిసిపోయి ఉంటుంది.

చేరేసరికి చీకటి పడింది. మర్నాడు మధ్యాహ్నం వేట. నేను దీనికోసం ప్రత్యేకంగా పొడుగు బూట్లు కొనుక్కున్నాను, ఆకుపచ్చ చొక్కా వేసుకున్నాను. పెద్దాయన నన్ను కిందనుంచి పైదాకా చూసి, తుపాకి లైసెన్సు తనకొక్కడికే ఉందని, పైదేశం వాళ్ళు దాన్ని ముట్టుకుంటే అందరం జైల్లో కూర్చోవాలని చెప్పి, మాకు హారన్ కొట్టే పని అప్పగించాడు. తోటకి ఒక పక్క చిత్తడి నేల. అటునుంచి ఆయన కుక్కలతో పందుల్ని లేపుతాడు. మేము మట్టిరోడ్డు మీద తూము దగ్గర కారుతో ఉండాలి. ఆయన ఫోన్ చేసిన మరుక్షణం తోట రెండో కొసకి కారు పోనిచ్చి హారన్ మోగించాలి. ఆ చప్పుడుకి పందులు పక్క తోటలోకి పారిపోకుండా ఆయన వైపు తిరుగుతాయి. "పంది మీ కోసం కూకుంటాదేటి బాబూ? పోన్ రాగానే ఎగరాల" అని మరీమరీ చెప్పి వెళ్ళాడు.

తూము దగ్గర రెండున్నర గంటలు కూర్చున్నాం. ఉక్క, దోమలు, రాలిన పామాయిల్ కాయలు కుళ్ళిన వాసన. బావ వెనక సీట్లో గుర్రు. వేటగాడి మనవణ్ణి, దేశం దాటి వచ్చి హారన్ కొట్టే ఉద్యోగం కోసం కాచుక్కూర్చున్నానే అని నాలో నేను ఉడికిపోతున్నాను. నాలుగు దాటాక భాయ్ డిక్కీలోంచి చాప తీశాడు. "ఇంక ఫోన్ రాలే గద, నమాజు చదువుకోని వస్త" అని చెట్ల నీడలోకి వెళ్ళాడు. సాయంత్రం దాకా వేళ ఉంటుందని నాకు తెలుసు, ఇరవై ఏళ్ళు చూశాను కదా. ఆగమని నోటిదాకా వచ్చింది, అనలేదు. అతను మొదలుపెట్టిన నిమిషానికి ఫోన్ మోగింది. "లేసినాయి బాబూ! ఎల్లండి, ఎల్లండి!" కారు తాళం అతని జేబులో ఉంది. అతను వంగుతున్నాడు, లేస్తున్నాడు, నుదురు నేలకి ఆనిస్తున్నాడు. ఫోన్ మళ్ళీ మోగింది. బావ నిద్రలేచి "ఏమైంది, ఏమైంది" అంటున్నాడు. నేను కారు చుట్టూ తిరుగుతున్నాను. పది నిమిషాలు పట్టింది. చాప చుట్టుకుంటూ పరుగెత్తుకొచ్చాడు, చెప్పులు సరిగా తొడుక్కోకుండానే కారు తీశాడు.

మేము రెండో కొసకి చేరేసరికి అక్కడ తడిమట్టి మీద గిట్టల గుర్తులు తప్ప ఏమీ లేవు. మందకి మంద రోడ్డు దాటి వెళ్ళిపోయింది. అప్పుడు నేను నోరు విప్పాను. "ఇప్పుడే రావాలా నీ నమాజు? సాయంత్రం దాకా టైముంటుందిగా! ఇరవై ఏళ్ళలో ఒక్కటి అడిగాను, అదీ పాడు చేశావు." అక్కడితో ఆపినా సరిపోయేది. "మీవాళ్ళంతా ఇంతే" అన్నాను. నిజానికి నేను అడగనే లేదు, అతనే తీసుకొచ్చాడు. బావ "ఒరేయ్" అన్నాడు, అంతే. భాయ్ నావైపు చూడలేదు. కారు దిగి, టైరు కింద ఇరుక్కున్న పామాయిల్ మట్టని లాగి పక్కన పడేసి, మళ్ళీ ఎక్కి కూర్చున్నాడు. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమని చిన్నప్పుడు కాపీ పుస్తకంలో పదిసార్లు రాశాను.

ఇంటికి వెళ్ళేసరికి పెద్దాయన నవ్వుతూ ఎదురొచ్చాడు. మందంతా పోయినా ఒకటి మాత్రం వెనక్కి తిరిగి ఆయన ముందుకే వచ్చిందట. అంటే నేను అన్న మాటలన్నీ ఉత్తపుణ్యానికి అన్నవే. ఆరింటికల్లా పెరట్లో పెద్ద మూకుడు పొయ్యెక్కింది. మిరియాలు, కరివేపాకు, నిమ్మగడ్డి వేసి పెద్దాయన భార్య చేసిన ఆ కూర వాసన ఇప్పటికీ మరవలేను. భాయ్ కోసం ఆవిడ పక్కనున్న మలయ్ ముస్లింల ఇంటినుంచి పంది తగలని గిన్నె అడిగి తెచ్చి, అందులో విడిగా కోడిగుడ్ల పులుసు పెట్టింది. అరిటాకుల్లో అందరికీ వడ్డించారు. సరిగ్గా నేను మొదటి ముద్ద కలుపుతుండగా బావ ఫోన్ మోగింది. అక్క. స్పీకర్లో పెట్టాడు మహానుభావుడు.

"ఏవండీ, నిన్నటినుంచి కార్తీకం, గుర్తుందా? నిన్న పొద్దున్నే దీపం పెట్టేశాను. మీరూ తమ్ముడూ అక్కడ అలాంటివేం తినట్లేదు కదా?"

"లేదు లేదు" అన్నాడు బావ, ఆకులోంచి చెయ్యి వెనక్కి లాక్కుని. మా ఇళ్ళలో కార్తీకం నెలంతా నీచు ముట్టరు. నాకు ఊహ తెలిసినప్పటినుంచి తప్పని నియమం అది. ముందురోజు దారిలో తిన్న కోడిముక్క సంగతి మేమిద్దరం ఇప్పటికీ ఇళ్ళలో చెప్పలేదు, అది వేరే విషయం. తెలిసి తినడానికి మాత్రం చెయ్యి ఆడలేదు. మాకు మజ్జిగన్నం చాలన్నాను. పెద్దాయన మొహం మాడిపోయింది. "ఏటి, మా ఇంట తినరా? తక్కువోలమనా? పంది కోసమే కదేటి వొచ్చినారు?" అన్నాడు. ఆవిడ గరిటె పట్టుకుని నిలబడిపోయింది. ఆ అనుమానం ఎంత పాతదో, ఎన్ని తరాలుగా సముద్రం దాటి వచ్చిందో నాకు అర్థమైంది. బావ నేల చూపులు చూస్తున్నాడు.

అప్పుడు భాయ్ మాట్లాడాడు. "అట్ల కాదు అంకుల్. మాకు రంజాన్ ఉన్నట్టు వీళ్ళకు ఈ నెల. ఇరవై ఏండ్ల సంది చూస్తున్న, ఈ నెలల గుడ్డు గూడ ముట్టడు వీడు. మిమ్మల్ని తక్కువ చేసేటోడు కాదు. దేవుని మాట గద, మనసుల పెట్టుకోకుండ్రి." నిదానంగా, నవ్వుతూ చెప్పాడు. పెద్దాయన కాసేపు అతన్ని, కాసేపు నన్ను చూసి, "అలగా? ముందే సెప్పొచ్చు కదేటి" అని భార్యకి మజ్జిగ తెమ్మని చెప్పాడు. మేము ఒకే గదిలో ఉన్న రోజుల్లో కార్తీకం వస్తే భాయ్ ఆ నెలంతా మా పొయ్యి మీద మాంసం వండేవాడు కాదు, బయట తినొచ్చేవాడు. నేను అడిగింది లేదు, అతను చెప్పిందీ లేదు. రెండు గంటల ముందు అతని దేవుడికి పది నిమిషాలు ఇవ్వలేనివాణ్ణి, నా దేవుడి నెలని అతని నోట కాపాడించుకుని మజ్జిగన్నం తిన్నాను.

ఆదివారం తిరుగు ప్రయాణం. మళ్ళీ అదే వంతెన, అవే కార్లు. నాలుగు గంటలు కదలకుండా కూర్చున్నాం. బావ వెనక నిద్రపోయాడు. తప్పయిందన్న మాట చెప్పడానికి అంతకన్న మంచి చోటు దొరకదు. "భాయ్" అన్నాను. "ఆఁ, చెప్పు" అన్నాడు, అద్దంలోంచి ముందు కారుని చూస్తూ. "పెట్రోలు సరిపోతుందా?" అని అడిగాను. సరిపోతుందన్నాడు. తర్వాత నెలలో వెళ్ళిపోయాడు. విమానాశ్రయంలో సామాన్లు, పిల్లలు, ఫోటోలు తీసే జనం. గట్టిగా కావిలించుకున్నాడు, నేను కూడా. ఆ జనంలో ఆ మాట ఎలా ఎత్తను అనుకుని ఊరుకున్నాను. ఇప్పుడు పండగలకి మెసేజీలు పెట్టుకుంటాం. రెండుసార్లు టైపు చేసి చెరిపేశాను. ఇన్నేళ్ళకి ఇదేంటని నవ్వుతాడేమోనని ఒక భయం, అసలు మర్చిపోలేదని చెబుతాడేమోనని ఇంకో భయం.

ఆ రోజు అతను పది నిమిషాలు ఆలస్యం చేశాడని నోటికొచ్చినట్టు అరిచాను. నేను ఆలస్యం చేస్తూ ఆరేళ్ళు దాటింది, అతను ఇంతవరకు ఒక్క మాటా అనలేదు.