మేస్త్రీ మాటలు అసెంబ్లీకి

నౌపడ దగ్గర జీడిపప్పు ఫ్యాక్టరీలో నేను పద్నాలుగేళ్లు పనిచేశాను. గింజ పగలగొట్టడం, పప్పు మీది పొర ఒలవడం మా ఆడవాళ్ల పని. పప్పు గుండుగా వస్తే మంచి పనిమనిషి, ముక్కయితే చెడ్డ పనిమనిషి. అక్కడ మా మంచీ చెడ్డా అంతా ఆ పళ్లెంలోనే తేలిపోయేది.

మా మేస్త్రీ ఎవరినీ కొట్టినవాడు కాదు, ఎవరి ఒంటి మీదా చెయ్యి వేసినవాడు కాదు. ఆయన చేసేదంతా నోటితోనే. ముక్కలు ఎక్కువ చేసిన మనిషిని సాయంత్రం గేటు దగ్గర నిలబెట్టి, ఆ ముక్కల పళ్లెం చేతికిచ్చి, అందరూ ఇళ్లకు వెళ్లేదాకా దించనిచ్చేవాడు కాదు. పోయే ప్రతి మనిషికీ వినబడేలా ఆమెను మాటలనేవాడు. మేము తలలు దించుకుని దాటిపోయేవాళ్లం. నేనూ దాటిపోయాను, చాలాసార్లు.

నా మరిది భార్య, అంటే మా తోటికోడలు, నా పక్కనే కూర్చుని పొర ఒలిచేది. రాష్ట్రం విడిపోయిన తర్వాత ఒక వానాకాలంలో ఆమెకు ఆరో నెలలో కడుపు పోయింది. నెల తిరిగాక పనికి వచ్చింది. చెయ్యి స్థిమితం లేక ఆ రోజు ముక్కలు ఎక్కువయ్యాయి. సాయంత్రం గేటు దగ్గర మేస్త్రీ ఆమెను ఒక మాట అన్నాడు. మర్నాటి నుంచి ఆమె పనికి రాలేదు. చర్చికి రాలేదు. ఇంట్లో కూడా అడిగినదానికి అవును, కాదు అనడమే.

ఆ రోజుల్లోనే శ్రీకాకుళం నుంచి ఒక రిటైర్డ్ టీచరమ్మ మా చర్చి స్త్రీల సమాజానికి వచ్చింది. పనిచోట ఆడదాని మీద చెయ్యి వేస్తే చట్టం ఉంది గానీ, రోజూ నలుగురిలో మనిషిని తీసిపారేస్తే దానికంటూ చట్టం లేదని చెప్పింది. అది కావాలని ఎమ్మెల్యేలను అడగాలి, ఊరికే తిరిగి పనిచేసే మనుషులు కావాలంది. నేను చెయ్యెత్తాను. ఎత్తిన తర్వాత భయమేసింది. ఇంటికొచ్చి చెబితే మా ఆయన, మూడో తరగతి సదివినదానివి సట్టం సేయించడానికి ఎల్తావేటి అని నవ్వాడు. ఆ నవ్వుతోనే ఆదివారం నన్ను సైకిలెక్కించుకుని బస్సు దగ్గర దించాడు.

ఆదివారాలు ఆరాధన అయిపోగానే ఊళ్లు తిరిగేవాళ్లం. ఉప్పు మడుల్లో పనిచేసేవాళ్లు, బడుల్లో ఆయాలు, ఆసుపత్రి నర్సులు, అందరికీ మా మేస్త్రీ లాంటివాడు ఒకడున్నాడు. సంతకం వచ్చినవాళ్లు సంతకం చేశారు, రానివాళ్లు వేలిముద్ర వేశారు. జీడి రసానికి మా వేళ్ల గీతలు అరిగిపోయి ముద్ర ఉత్త మచ్చలా పడేది.

ఆ అర్జీల కట్ట పట్టుకుని ఏడుగురం శ్రీకాకుళంలో మా ఎమ్మెల్యే గారి దగ్గరికి వెళ్లాం. ఆయన ఓపిగ్గానే చదివారు. ప్రతి కాగితంలోనూ అనరాని మాటలు అంటున్నారు అనే ఉంది, ఆ మాటలేమిటి అని అడిగారు. నువ్వు చెప్పంటే నువ్వు చెప్పని ఏడుగురమూ ఒకరినొకరు ముందుకు తోసుకున్నాం.

తప్పు మాదే. రాసేటప్పుడు టీచరమ్మ ఆ మాటలు చెప్పమని బతిమాలింది. అవి మా నోట రాకూడదు, కాగితం మీద అసలే పడకూడదు అని మేమే పట్టుబట్టి అలా రాయించాం. చెడ్డ మాట పలికితే పలికిన నోటికి పాపమని పెరిగినవాళ్లం మరి.

ఎమ్మెల్యే కట్ట తిరిగి ఇచ్చేశారు. "ఆడేటన్నాడో తెలీకుండా సభలో నాను లేసి ఏటని సెప్పాలి తల్లీ? పది రోజుల్లో అసెంబ్లీ ఉన్నాది. సెప్పగలిగితే రండి" అన్నారు.

తిరుగు బస్సులో టీచరమ్మ, ఆ మాటలు ఎవరికైనా సరిగ్గా గుర్తున్నాయా అని అడిగింది. సండే స్కూల్లో కీర్తన ఒక్కసారి విని మొత్తం అప్పజెప్పి దువ్వెన బహుమతి తెచ్చుకున్నదాన్ని నేను. మేస్త్రీ ఎవరిని ఏమన్నాడో, ఆ రోజు ఎండా వానా అన్నది కూడా నా తలలో ఉంది. మరచిపోదామన్నా పోలేదు. నాకు గుర్తున్నాయన్నాను. అయితే నువ్వే చెప్పాలి అంది టీచరమ్మ.

మా పాస్టరు గారి భార్య దగ్గరికి వెళ్లి పాపం కాదా అని అడిగాను. ఆమె బెండకాయలు తరుగుతోంది. తల ఎత్తకుండానే, "ఆ మాటలు నీయేటే? అన్నోడియి. ఆడియి ఆడికి అప్పజెప్తన్నావు, అంతే" అంది. నా గుండె మీది రాయి దిగిపోయింది.

రెండోసారి వెళ్లేటప్పుడు మా తోటికోడలిని కూడా రమ్మన్నాను. నిన్నన్న మాట చెప్పనులే, ఊరికే నా పక్కన కూర్చో అన్నాను. నిజానికి ఆ తోడు నాకే కావలసి వచ్చింది.

ఎమ్మెల్యే గారి గదిలో ఇద్దరు పార్టీ మనుషులు కూడా ఉన్నారు. నేను లేచి నిలబడి మేస్త్రీ గొంతుతోనే మొదలుపెట్టాను, నా గొంతుతో ఆ మాటలు రావు గనక. "ఒలే ముసలి గేదా, కళ్లు కనబడకపోతే ఉప్పు మడిలో పడి సావు." ఇది క్రిస్మస్ ముందు వారం మా పేట పెద్దామెను. "నీ మొగుడు నిన్నెందుకొదిలీసి పోయాడో నీ పళ్లెం సూస్తే తెలస్తాది." ఇది తొలకరి పడిన రోజు, ఇద్దరు పిల్లల తల్లిని. పార్టీ మనుషుల్లో ఒకాయన మొదట నా గొంతుకు నవ్వాడు. నాలుగో మాటకు నవ్వు మానేశాడు. పంతొమ్మిది చెప్పి ఆగాను. ఇరవయ్యోది నాలుక చివర ఉంది. మంచినీళ్లు అడిగాను.

అప్పుడు మా తోటికోడలు లేచింది.

"ఇంకోటున్నాది బాబూ. అది నన్నన్నాడు. మా అక్క సెప్పదు, నాను సెప్తాను. కడుపులో పిల్లనే నిలుపుకోలేనిదానివి, పప్పేటి నిలుపుతావే అన్నాడు. పళ్లెం నా సేతిలో ఉన్నాది. మా పేటోళ్లందరూ దాటి ఎల్తన్నారు."

ఆమె గొంతు వణకలేదు. నేను వెళ్లి ఆమె పక్కన నిలబడ్డాను.

ఎమ్మెల్యే టీచరమ్మతో, ఇరవయ్యీ రాసివ్వండి, ఒక్కటి వదలొద్దు, నేను లేస్తాను అన్నారు.

అసెంబ్లీ రోజు మా టీవీ ముందు పేటంతా కూర్చుంది. ఆయన లేచి ఆ ఇరవైలో మూడు చదివారో లేదో స్పీకరు గారు ఆపి, ఇవి సభలో అనకూడని మాటలు, రికార్డుల నుంచి తీసేయండి అన్నారు. మా వాళ్లు ఉసూరుమన్నారు. మా ఎమ్మెల్యే కూర్చోలేదు.

"అధ్యక్షా, ఈ సభ వినలేని మాటలు మా ఆడపడుచులు రోజూ పనిలో కూర్చుని వింటున్నారు. అందుకే చట్టం అడుగుతున్నాను."

సభలో అటువాళ్లూ ఇటువాళ్లూ బల్లలు చరిచారు. ఇక్కడ మా ఆయన మంచం పట్టె చరిచిన చరుపుకి టీ గ్లాసు దొర్లిపోయింది. పేట ఆడవాళ్లు మా తోటికోడలి చుట్టూ చేరి, సభ నీ మాటకే లేసిందే అంటుంటే ఆమె కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ నవ్వు చూసి ఎన్ని నెలలయిందో.

పరిశీలిస్తామని మంత్రి చెప్పారు. చట్టం మాత్రం ఇప్పటికీ రాలేదు, అది దాచను. అయినా వారం తిరగకుండా లేబరు ఆఫీసు వాళ్లు మా ఫ్యాక్టరీకి వచ్చారు. గేటు దగ్గర నిలబెట్టడం ఆ రోజుతో పోయింది. మేస్త్రీ ఉన్నాడు, పోలేదు. ముక్కలు కనిపిస్తే, రేపు సూసుకోండమ్మా అని తన దారిన వెళ్లేవాడు. మా తోటికోడలు తిరిగి నా పక్కన పీట వేసుకుంది.

తర్వాత గజపతినగరంలో బట్టలు కుట్టే ఆడవాళ్లు మమ్మల్ని పిలిపించారు. వాళ్లూ మాలాగే, అనరాని మాటలమ్మా అని ఊరుకున్నారు. నేను నోరు తెరిచేలోపే మా తోటికోడలు చాప మీద ముందుకు జరిగి, "ముందు నన్నేటన్నాడో నాను సెప్తాను, ఇనండి. తరవాత మీయి సెప్పండి" అంది.

సాయంత్రం బస్సు వేళకి టీచరమ్మ నోటుపుస్తకం నిండిపోయింది. మిగిలినవి చొక్కాలు మడిచే అట్టల మీద రాసుకుని, ఆ అట్టలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాం.